ఆన్‌లైన్ దుకాణానికి సైట్‌మ్యాప్ టూలు: డేటాబేసు నుంచి గూగుల్ దాకా

శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి చీరలు, మాధవమాల కొయ్యబొమ్మలు, చిత్తూరు మామిడి గుజ్జు, తాండ్ర. ఇలాంటి సరుకు అమ్మే దుకాణాలకు తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సొంత వెబ్‌సైట్లు కట్టే డెవలపర్ల కోసం ఈ గైడు. దుకాణంలోని పేజీల అడ్రస్‌లన్నీ ఒకచోటికి తీసి, సెర్చ్ ఇంజన్లు చదివే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా, అంటే సైట్‌మ్యాప్‌గా, రాసే టూలు ఎలా తయారుచేయాలో, అది ఎక్కడ ఎందుకు తప్పుతుందో చెబుతున్నాం.

కోడు రాయడం ఒక పూట పని. జాబితాలో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అని తేల్చుకోవడమే కష్టం. దానికే ఎక్కువ చోటు ఇచ్చాం.

అసలు మీకు ఈ టూలు కావాలా

షాపిఫై దుకాణానికి సైట్‌మ్యాప్ దానంతటదే తయారవుతుంది. సరుకు, కలెక్షన్లు, పేజీలు, బ్లాగు వేర్వేరు ఫైళ్లుగా వస్తాయి. మీరు టూలు రాయక్కర్లేదు. వర్డ్‌ప్రెస్‌లో 2020లో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి సైట్‌మ్యాప్ లోపలే ఉంది, ఫైలుకు 2,000 అడ్రస్‌ల చొప్పున రాస్తుంది, వూకామర్స్ సరుకు కూడా అందులోకే వస్తుంది. మజెంటోలో అడ్మిన్ నుంచే తయారుచేయొచ్చు గానీ, క్రాన్ (నిర్ణీత సమయానికి పనులు నడిపే సర్వర్ ఏర్పాటు) నడవకపోతే ఫైలు పాతబడిపోయినా ఎవరికీ తెలియదు. జాంగోలో సైట్‌మ్యాప్ ఫ్రేమ్‌వర్కు ముందే ఉంది. సొంతంగా పీహెచ్‌పీలోనో నోడ్‌లోనో కట్టిన దుకాణానికి మాత్రం టూలు మీరే రాసుకోవాలి. రెడీమేడ్‌గా ఫైలు వచ్చేవాళ్లు కూడా కింద చెప్పిన చేర్పు నియమాలతో దాన్ని ఒకసారి సరిచూసుకోవాలి.

సుమారు 500 పేజీల లోపు ఉండి, హోమ్ పేజీ నుంచి లింకులు పట్టుకుని ప్రతి పేజీకీ చేరుకోగలిగితే సైట్‌మ్యాప్ తప్పనిసరి కాదని గూగులే చెబుతుంది. అయినా కలంకారీ లాంటి సరుకుకు పెట్టుకోవడమే మేలని మా అభిప్రాయం. అక్కడ ఒక్కో బట్ట ఒక్కటే ఉంటుంది, పేజీలు త్వరగా వస్తూ పోతూ ఉంటాయి. కొత్త పేజీ వచ్చిన సంగతి సెర్చ్ ఇంజన్‌కు ఎంత త్వరగా తెలిస్తే అంత మంచిది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. సైట్‌మ్యాప్‌లో ఉన్నంత మాత్రాన పేజీ గూగుల్‌లో కనిపించి తీరుతుందని హామీ లేదు. ఈ పేజీలు ఉన్నాయి, చూడండి అని మీరు చెప్పడమే అది.

క్రాల్ చేసి కాదు, డేటాబేసు నుంచి

సైట్‌ను హోమ్ పేజీ నుంచి క్రాల్ చేసి, అంటే లింకుల వెంట పోతూ పేజీలు తెరిచి, అడ్రస్‌లు పోగుచేసే టూళ్లు చాలా ఉన్నాయి. స్క్రీమింగ్ ఫ్రాగ్ అయితే 500 అడ్రస్‌ల వరకు ఉచితం. దుకాణానికి ఆ దారి సరిపోదు. లింకు లేని పేజీ క్రాలర్‌కు దొరకదు, ఫిల్టర్ల వల్ల పుట్టే అక్కర్లేని అడ్రస్‌లు మాత్రం వందల కొద్దీ దొరుకుతాయి. రంగులు 8, బట్ట రకాలు 4, ధర శ్రేణులు 5, వరుసక్రమాలు 4 ఉన్న కలెక్షన్ పేజీని తీసుకోండి. ఒక్కోదాంట్లో ఒకటి ఎంచుకుంటే వచ్చే కలయికలే 640. అలాంటి కలెక్షన్లు 12 ఉంటే 7,680. దుకాణంలో ఉన్న సరుకు మూడొందలే కావచ్చు.

కాబట్టి జాబితాకు మూలం డేటాబేసే. క్రాలర్‌ను తనిఖీకి వాడుకోండి. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి, డేటాబేసు జాబితాలో ఉండి క్రాలర్‌కు దొరకనివి ఏవో చూడండి. అవి ఏ పేజీ నుంచీ లింకు లేని పేజీలు. వాటిని సైట్‌మ్యాప్‌లో పెట్టి ఊరుకోకండి, కలెక్షన్ పేజీ నుంచో సంబంధిత సరుకు నుంచో లింకు ఇవ్వండి.

ఏది చేర్చాలి, ఏది చేర్చకూడదు

ఒక అడ్రస్ జాబితాలోకి రావాలంటే నాలుగు షరతులూ ఒకేసారి తీరాలి:

1. తెరిస్తే నేరుగా 200 (పేజీ ఉంది అనే సర్వర్ జవాబు) రావాలి. 301 (శాశ్వత రీడైరెక్టు) మీదుగా ఇంకో చోటికి పోకూడదు.
2. ఆ పేజీలోని కెనానికల్ లింకు (అసలు అడ్రస్ ఏదో చెప్పే ట్యాగు) అదే అడ్రస్‌ను చూపాలి.
3. పేజీలో గానీ సర్వర్ పంపే హెడర్లలో గానీ నోఇండెక్స్ (వెతుకులాటలో చూపొద్దనే ఆదేశం) ఉండకూడదు.
4. రోబోట్స్ ఫైలు (robots.txt, బాట్‌లు ఎక్కడికి రావొద్దో చెప్పేది) ఆ దారిని మూసి ఉండకూడదు.

కార్టు, చెకౌట్, లాగిన్, నా ఆర్డర్లు, దుకాణం లోపలి వెతుకులాట ఫలితాలు, ఫిల్టర్ పేజీలు ఈ లెక్కలోనే పోతాయి. సరుకు ఒక్కటీ లేని ఖాళీ కలెక్షన్‌నూ వదిలేయండి. కలెక్షన్ రెండో పేజీ, మూడో పేజీ అక్కర్లేదు, సరుకు పేజీలన్నీ ఎలాగూ జాబితాలో ఉంటాయి.

వెంకటగిరి చీర ఒకే నేత ఆరు రంగుల్లో ఉంటే, రంగు మార్చినప్పుడల్లా అడ్రస్ చివర ప్రశ్నార్థకం, దాని తర్వాత వేరియంట్ నంబరు చేరుతుంది. ఆ ఆరింటి కెనానికల్ మూల చీర పేజీకే పోతుంటే జాబితాలో మూల పేజీ ఒక్కటే ఉండాలి. ఒక్కో రంగుకు వేరే ఫొటోలు, వేరే వివరణ ఇచ్చి, కెనానికల్ కూడా విడిగా పెట్టుకుంటే అప్పుడు ఆరూ చేర్చండి. రెండూ కలిపితే, అంటే జాబితాలో ఆరూ ఉండి కెనానికల్ ఒకదానికే పోతే, గూగుల్‌కు రెండు రకాల మాటలు చెప్పినట్టవుతుంది.

ఇక అమ్ముడైపోయిన సరుకు. దీని మీద కాస్త ఆగాలి.

శ్రీకాళహస్తి కలంకారీ అచ్చు వేసేది కాదు, కలంతో చేత్తో గీసేది. ఏ రెండు దుప్పట్టాలూ అచ్చంగా ఒకటి కావు. కాబట్టి డేటాబేసులో స్టాకు 1 ఉంటుంది, ఆర్డరు రాగానే 0 అవుతుంది. ఆ పేజీని చాలా దుకాణాలు హోమ్ పేజీకి రీడైరెక్టు చేసేస్తాయి. అది తప్పు. సంబంధం లేని చోటికి పంపితే గూగుల్ దాన్ని సాఫ్ట్ 404గా, అంటే పైకి ఉన్నట్టు కనిపించినా నిజానికి లేని పేజీగా, లెక్కవేస్తుంది. కొనడానికి వచ్చిన మనిషికీ ఎక్కడ పడ్డానో తెలియదు. ‘ఈ సరుకు లేదు’ అని ఒక్క ముక్క పెట్టి పేజీ అంతా ఖాళీ చేస్తే, సర్వర్ 200 పంపినా సాఫ్ట్ 404 కిందికే పోవచ్చు.

మంచి పద్ధతి మొదటి నుంచే రెండు అంచెలు పెట్టుకోవడం. ‘కల్పవృక్షం దుప్పట్టా’ అనే చిత్రణకు శాశ్వతమైన పేజీ ఒకటి. దాని కింద ఇప్పుడున్న బట్టలు ఒక్కొక్కటి. శాశ్వత పేజీ ఎప్పుడూ జాబితాలో ఉంటుంది, లింకులూ పేరూ దానికే కూడుతాయి. విడి బట్ట అమ్ముడయ్యాక కొన్నాళ్లు ఫొటోలు, వివరణ అలాగే ఉంచి, అమ్ముడైందని స్పష్టంగా చెప్పి, స్ట్రక్చర్డ్ డేటాలో (సెర్చ్ ఇంజన్ల కోసం పేజీలో రాసే వివరాల్లో) సోల్డ్ అవుట్ అని మార్చి, అదే చిత్రణలో ఉన్న వేరే బట్టలు కింద చూపండి. అలా ఉన్నంత కాలం జాబితాలో ఉండొచ్చు. పేజీ తీసేయాలనుకున్న రోజు 410 (శాశ్వతంగా తీసేశాం అనే జవాబు) పంపండి, అదే రోజు జాబితాలోంచీ తీసేయండి. ఎన్నాళ్లు ఉంచాలన్నది దుకాణం ఇష్టం. ఆ గడువును కోడులో పాతేయకుండా సెట్టింగులో పెట్టండి.

మామిడిది ఇంకో తీరు. బంగినపల్లి పెట్టెలు ఎండాకాలం దాటితే ఉండవు, కానీ సరుకు పోలేదు, వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. సీజన్ అయిపోగానే పేజీ తీసేసి, మరుసటి ఏడు సంవత్సరం అంకె తగిలించి కొత్త అడ్రస్‌తో పెట్టడం వల్ల ప్రతి ఏడూ సున్నా నుంచి మొదలవుతుంది. అడ్రస్‌లో సంవత్సరం వద్దు. పేజీ ఏడాది పొడుగునా 200తోనే ఉండాలి, స్టాకు లేదని చూపాలి, సీజన్ ఎప్పుడో రాయాలి, గుజ్జుకో తాండ్రకో దారి చూపాలి. జాబితాలోనూ అలాగే ఉండాలి. అంటే మీ క్వెరీలో ‘స్టాకు సున్నా కంటే ఎక్కువ’ అనే షరతు పెట్టకూడదు. డేటాబేసులో ప్రతి సరుకుకూ ‘జాబితాలో ఉండాలా’ అనే కాలమ్ ఒకటి వేరుగా ఉంచి, దాన్ని స్టాకుతో ముడిపెట్టకండి.

మార్పు తేదీ

ఒక్కో అడ్రస్‌కు తప్పనిసరి ట్యాగు లాక్ (loc) ఒక్కటే, అందులో పూర్తి అడ్రస్ ఉంటుంది. లాస్ట్‌మాడ్ (lastmod, చివరి మార్పు తేదీ) ఐచ్ఛికం గానీ చాలా విలువైనది. ప్రయారిటీ, చేంజ్‌ఫ్రీక్ అనే రెండింటినీ గూగుల్ పట్టించుకోదు, రాయకండి, ఫైలు బరువు తప్ప ఏమీ రాదు.

లాస్ట్‌మాడ్ నిజమని తేలినంత కాలమే గూగుల్ దాన్ని నమ్ముతుంది. ప్రతి రాత్రీ టూలు నడిచినప్పుడల్లా అన్ని అడ్రస్‌లకూ ఆ రోజు తేదీ వేసే కోడు చాలాచోట్ల ఉంటుంది. అలా చేస్తే నిజంగా మారిన పది పేజీలు కూడా మిగతావాటిలో కలిసిపోతాయి. అసలు వేయకపోవడమే అంతకంటే నయం. టేబుల్‌లోని అప్‌డేటెడ్ కాలమ్‌ను నేరుగా తీసుకున్నా చిక్కే. స్టాకు 14 నుంచి 13 అయినా, పేజీ చూసినవాళ్ల లెక్క పెరిగినా అది మారిపోతుంది.

ఇలా చేయండి. పేరు, వివరణ, ధర, ఫొటోల పేర్లు, స్టాకు ఉందా లేదా అన్న అవును-కాదు, ఈ ఐదింటినీ ఒకే వరుసలో కలిపి షా-256 హ్యాష్ (లోపలిది మారితే తనూ మారే పొట్టి గుర్తు) తీయండి. పాత హ్యాష్‌తో పోల్చి, మారితేనే తేదీ మార్చండి. హ్యాష్‌కు ఒక కాలమ్, తేదీకి ఒక కాలమ్ చాలు. స్టాకు ఎంత ఉందన్న సంఖ్య హ్యాష్‌లోకి రాకూడదు.

తేదీని ఏడాది-నెల-రోజు రూపంలో, 2025-06-14 లాగా రాస్తే సరిపోతుంది. సమయం కూడా రాస్తే టైమ్‌జోన్ తప్పనిసరి, మనకు +05:30. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. డేటాబేసులో భారత సమయం దాచి, ఫైలులో మాత్రం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) గుర్తు వేస్తారు. ప్రతి తేదీ ఐదున్నర గంటలు ముందుకు పోతుంది, కొత్తగా మార్చిన పేజీలు ఇంకా రాని సమయాన్ని చూపుతాయి.

ఫైలు రాయడం

ఈ ఫార్మాట్‌ను గూగుల్ 2005లో తెచ్చింది, 2006లో యాహూ, మైక్రోసాఫ్ట్ కూడా ఒప్పుకున్నాయి. వెర్షన్ ఇప్పటికీ 0.9. హద్దులు ఇవి: ఒక ఫైలులో 50,000 అడ్రస్‌లు, కుదించక ముందు 50 మెగాబైట్లు, అంటే 5,24,28,800 బైట్లు. ఒక్కో అడ్రస్ 2,048 అక్షరాల లోపు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8. ఫైళ్లు ఎక్కువైతే వాటన్నిటి పేర్లతో ఒక ఇండెక్స్ ఫైలు.

అడ్రస్‌ల సంఖ్య చూసి హద్దు దాటలేదని ఊరుకోవద్దు. ఫొటోల అడ్రస్‌లు కూడా చేరిస్తే బరువు హద్దే ముందొస్తుంది. పేజీ అడ్రస్‌కు 250 బైట్లు, ట్యాగులకు 80, ఒక్కోటి 200 బైట్ల ఫొటో అడ్రస్‌లు ఐదు అనుకుంటే ఒక సరుకుకు 1,330 బైట్లు. 50,000 సరుకులకు 63 మెగాబైట్ల పైనే. ఫైలుకు 10,000 చొప్పున విడగొడితే 13 మెగాబైట్ల దగ్గర ఆగుతుంది.

చిన్న దుకాణమైనా ఫైళ్లను రకం వారీగా విడగొట్టండి: సరుకు ఒకటి, కలెక్షన్లు ఒకటి, మామూలు పేజీలు ఒకటి. సెర్చ్ కన్సోల్‌లో (సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే టూలు) పేజీ ఇండెక్సింగ్ నివేదికను ఒక్కో సైట్‌మ్యాప్ వారీగా చూడొచ్చు. కలెక్షన్లన్నీ ఇండెక్స్ అయి, సరుకు మాత్రం ఆగిపోతే అప్పుడే తెలుస్తుంది. అంతా ఒకే ఫైలులో ఉంటే ఆ తేడా కనబడదు.

సరుకును డేటాబేసు నుంచి ఆఫ్‌సెట్ పద్ధతిలో (మొదటి ఇన్ని వరుసలు దాటేసి తర్వాతివి ఇవ్వమని) చదవకండి. టూలు నడుస్తుండగా ముందు వరుసల్లో ఒకటి తీసేస్తే తర్వాతివన్నీ ఒక మెట్టు జరుగుతాయి, ఒక సరుకు చదవకుండానే దాటిపోతుంది. పైగా ఆఫ్‌సెట్ పెరిగే కొద్దీ క్వెరీ నెమ్మదిస్తుంది. ఐడీ వరుసలో, ‘కిందటి విడతలోని చివరి ఐడీ కంటే పెద్దవి, వెయ్యి’ అని అడగండి. చదివినవి చదివినట్టే ఫైలులోకి రాస్తూ పోండి, అన్నీ మెమరీలో పోగేయకండి. ఫైళ్లను విడగొట్టేది కూడా ఐడీ శ్రేణిని బట్టే అయితే ఒక సరుకు ఎప్పుడూ ఒకే ఫైలులో ఉంటుంది.

ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో & ' " > < అనే ఐదు గుర్తులను నేరుగా రాయకూడదు, వాటి ఎంటిటీ రూపం రాయాలి. ఫొటోలు ఇచ్చే సీడీఎన్ (కాపీలు దాచి వేగంగా అందించే సర్వర్ల వల) అడ్రస్‌లలో వెడల్పు, నాణ్యత పారామీటర్ల మధ్య & తప్పకుండా ఉంటుంది, ఫైలు ఎక్కువగా పగిలేది అక్కడే. ముందు పర్సెంట్ ఎన్‌కోడింగ్ (ప్రత్యేక అక్షరాలను % గుర్తు, కోడుతో రాయడం), తర్వాత ఎక్స్‌ఎమ్‌ఎల్ ఎస్కేప్, ఈ క్రమం తప్పకూడదు. ఎక్స్‌ఎమ్‌ఎల్ లైబ్రరీ వాడుతుంటే అది తనే ఎస్కేప్ చేస్తుంది, మీరు మళ్లీ చేస్తే రెండుసార్లవుతుంది. పర్సెంట్ ఎన్‌కోడింగ్ రెండుసార్లు జరిగితే అడ్రస్‌లో %25 కనిపిస్తుంది. ఫైలులో దాన్ని వెతికితే చాలు, దొరికిపోతుంది.

ఫైలును మొదట వేరే పేరుతో రాయండి. రాయడం పూర్తయ్యాక లెక్క చూడండి: కిందటి సారి కంటే అడ్రస్‌లు 20 శాతం పైగా తగ్గితే పాత ఫైలును కదపకుండా ఆపి, మీకు మెయిల్ వచ్చేలా పెట్టండి. డేటాబేసు కనెక్షన్ మధ్యలో తెగి సగం జాబితానో ఖాళీ జాబితానో బయటికి పోకుండా కాపాడేది ఇదే. లెక్క సరిగా ఉంటే పేరు మార్చి అసలు ఫైలు స్థానంలో పెట్టండి. తాత్కాలిక ఫైలు, అసలు ఫైలు ఒకే డిస్క్ భాగంలో ఉంటేనే పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది. తాత్కాలిక ఫోల్డరు వేరే డిస్కులో ఉంటే అది కాపీ అవుతుంది, గూగుల్ అదే సమయానికి వస్తే సగం ఫైలు చదువుకుని పోతుంది.

తెలుగు అడ్రస్‌లతో జాగ్రత్త

తెలుగులో ఒక్కో యూనికోడ్ గుర్తు యూటీఎఫ్-8లో 3 బైట్లు. పర్సెంట్ ఎన్‌కోడ్ చేస్తే 9 అక్షరాలు. గుణింతం, వత్తు, సున్న ఒక్కోటి ఒక్కో గుర్తు కిందే లెక్క. ‘శ్రీకాళహస్తి’ అంటే 12 గుర్తులు, అడ్రస్‌లో 108 అక్షరాలు. 2,048 హద్దు ఇంకా దూరమే గానీ వర్డ్‌ప్రెస్‌లో ముందే అడ్డం తగులుతుంది. అది స్లగ్‌ను (అడ్రస్‌లో సరుకు పేరుండే ముక్కను) ఎన్‌కోడ్ చేసిన రూపంలో 200 అక్షరాల దగ్గర కత్తిరిస్తుంది. ‘శ్రీకాళహస్తి-కలంకారీ-చీర’ అన్నది సరిగ్గా 200. దాని తర్వాత రంగు, చిత్రణ, కొలత ఏది రాసినా స్లగ్‌లోకి రాదు. అలా మొదలయ్యే ప్రతి చీరకూ అదే స్లగ్ వచ్చి, చివర 2, 3, 4 అంకెలు తగులుతాయి. ఏ చీర ఏదో అడ్రస్ చూసి చెప్పలేరు. వర్డ్‌ప్రెస్‌లో సరుకు స్లగ్‌లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టడమే మంచిది.

సొంతంగా కట్టిన దుకాణంలో తెలుగు స్లగ్‌లు పెట్టుకోవచ్చు, కానీ రెండు విషయాలు చూసుకోవాలి. మొదటిది, కనబడని అతుకు గుర్తు. ‘ఆన్‌లైన్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ వస్తుంది. ఒకరు అది పెట్టి టైపు చేస్తారు, ఇంకొకరు పెట్టరు. కంటికి దాదాపు ఒకటే, సర్వర్‌కు మాత్రం రెండు వేర్వేరు అడ్రస్‌లు. స్లగ్ తయారయ్యేటప్పుడే ఆ గుర్తును తీసేయండి. రెండోది, ఐత్వం. అది ఒకే గుర్తుగానూ రావచ్చు, ఎత్వం, దాని కింద ఐత్వపు గుర్తు అని రెండుగానూ రావచ్చు. స్లగ్‌ను ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (గుర్తులను ఒకటిగా కలిపే యూనికోడ్ ప్రామాణిక రూపంలోకి) మార్చి దాచుకుంటే ఈ బాధ ఉండదు.

కస్టమర్లతో మాట్లాడేది వాట్సాప్‌లో కాబట్టి ఇంకో మాట. బ్రౌజర్ నుంచి కాపీ చేసిన తెలుగు అడ్రస్ చాలాసార్లు ఎన్‌కోడ్ అయిన రూపంలోనే, నాలుగైదు వరుసల పొడవున అతుక్కుంటుంది. స్లగ్ ముందు సరుకు ఐడీ పెట్టి, ఐడీ ఒక్కదానితోనే పేజీ తెరుచుకునేలా చేసి, అక్కడి నుంచి పూర్తి అడ్రస్‌కు 301 ఇవ్వండి. పంపడానికి పొట్టి లింకు ఉంటుంది, స్లగ్‌లో అచ్చుతప్పు దిద్దినా పాత లింకు తెగదు. జాబితాలో మాత్రం పూర్తి అడ్రస్ ఒక్కటే.

తెలుగు, ఇంగ్లిష్ రెండు భాషల్లో పేజీలుంటే, ఒక్కో అడ్రస్ కింద హ్రెఫ్‌లాంగ్ లింకులు (ఏ పేజీ ఏ భాషదో చెప్పేవి) రెండూ రాయాలి, తనది కూడా కలిపి. తెలుగు పేజీ ఇంగ్లిష్ పేజీని చూపి, ఇంగ్లిష్ పేజీ తిరిగి చూపకపోతే ఆ జత లెక్కలోకి రాదు.

బయటికి పెట్టడం

ఫైలు సైట్ మూలంలో, అంటే డొమైన్ పక్కనే ఉండాలి. ఉప ఫోల్డరులో పెడితే ప్రోటోకాల్ ప్రకారం ఆ ఫోల్డరు కింది అడ్రస్‌లకే అది వర్తిస్తుంది. కంటెంట్ టైపు ఎక్స్‌ఎమ్‌ఎల్ అని పోవాలి. రోబోట్స్ ఫైలులో సైట్‌మ్యాప్ అని రాసి, పక్కన ఇండెక్స్ ఫైలు పూర్తి అడ్రస్ ఇవ్వండి. ఆ వరుస ఏ యూజర్ ఏజెంట్ కిందకూ చెందదు, ఎక్కడైనా రాయొచ్చు.

క్రాన్ సంగతి: అద్దె సర్వర్లు ఎక్కువగా యూటీసీలో ఉంటాయి. మన తెల్లవారుజాము 2:30కి నడవాలంటే 0 21 * * * అని రాయాలి. నెక్స్ట్ జేఎస్‌లో బిల్డ్ సమయంలో సైట్‌మ్యాప్ తయారయ్యేలా పెట్టుకున్నవాళ్లకు వేరే చిక్కు: బిల్డ్ తర్వాత చేర్చిన సరుకు మళ్లీ బిల్డ్ చేసేదాకా జాబితాలోకి రాదు. కొత్త బట్టలు రోజూ పెట్టే దుకాణానికి అది కుదరదు, నిర్ణీత సమయానికి తిరిగి తయారయ్యేలా మార్చుకోండి.

సెర్చ్ కన్సోల్‌లో డొమైన్‌ను డీఎన్ఎస్ టెక్స్ట్ రికార్డు ద్వారా ధ్రువీకరించుకుని, ఇండెక్స్ ఫైలు అడ్రస్ ఒక్కసారి సమర్పిస్తే చాలు. ఫైలు మారినప్పుడల్లా గూగుల్‌కు పింగ్ పంపే పాత పద్ధతిని గూగుల్ 2023లో మానేసింది. మీ కోడులో అది ఇంకా ఉంటే తీసేయండి. బింగ్‌కు ఇండెక్స్‌నౌ ఉంది: ఒక కీ ఫైలు సైట్ మూలంలో పెట్టి, మారిన అడ్రస్‌లను ఒక అభ్యర్థనలో 10,000 వరకు పంపొచ్చు. పైన హ్యాష్ పోల్చినప్పుడు మారినవేవో తేలింది కదా, అవే పంపండి.

తనిఖీ

టూలులో ఈ భాగం లేకపోతే మిగతాదాని మీద నమ్మకం పెట్టుకోలేం. ఫైలు తయారయ్యాక అందులోని అడ్రస్‌లను మళ్లీ తెరిచి చూసే చిన్న స్క్రిప్టు రాయండి. సెకనుకు ఒకటి చొప్పున, రీడైరెక్టు వెంట పోకుండా. హెడ్ అభ్యర్థన (హెడర్లు మాత్రమే తెచ్చేది) కాదు, గెట్ వాడండి. కొన్ని సర్వర్లు హెడ్‌కు వేరే జవాబిస్తాయి, పైగా పేజీలోని కెనానికల్ చదవాలంటే పేజీ కావాలి. 300 అడ్రస్‌లకు ఐదు నిమిషాలు పడుతుంది. వేలల్లో ఉంటే రోజుకు కొన్ని యాదృచ్ఛికంగా తీసి చూడండి. 200 కానివి, కెనానికల్ కలవనివి, నోఇండెక్స్ ఉన్నవి వేరే ఫైలులో రాయించండి. ఆ ఫైలు ఖాళీగా ఉండాలి.

తరచూ ఎదురయ్యేవి, వాటి కారణాలు:

ఎక్స్‌ఎమ్‌ఎల్ డిక్లరేషన్ మొదట్లో లేదని ఎర్రర్: ఫైలు మొదటి వరుస ఖాళీగా ఉంది. పీహెచ్‌పీలో ఏదో ఒక ఫైలు ముగింపు ట్యాగు తర్వాత మిగిలిపోయిన ఖాళీ వరుస బయటికి వస్తోంది. ముగింపు ట్యాగులు తీసేస్తే పోతుంది.

బ్రౌజర్‌లో స్టైల్ సమాచారం లేదని వచ్చే మాట ఎర్రర్ కాదు, వదిలేయండి.

సెర్చ్ కన్సోల్‌లో ఫైలు తేలేకపోయామని వస్తే, ఫైలు అడ్రస్‌నే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్‌లో పెట్టి లైవ్ టెస్ట్ చేయండి. అక్కడ తెరుచుకుంటే ఒకటి రెండు రోజులు ఆగండి. తెరుచుకోకపోతే ఎక్కువగా ఫైర్‌వాలో, బాట్‌లను ఆపే సీడీఎన్ సెట్టింగో కారణం. మీ బ్రౌజర్‌లో వచ్చినంత మాత్రాన గూగుల్‌బాట్‌కు వస్తున్నట్టు కాదు.

కుదించిన ఫైలు చదవలేకపోతే అది రెండుసార్లు కుదించబడిందేమో చూడండి. జీజిప్ ఫైలును సర్వర్ మళ్లీ జీజిప్ చేసి పంపుతుంటుంది. ఆ ఫైళ్లకు సర్వర్ కుదింపు ఆపేయండి.

అడ్రస్ అనుమతించబడలేదని వస్తే డొమైన్ కలవడం లేదు. ఫైలు ఒక డొమైన్‌లో ఉండి లోపలి అడ్రస్‌లు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదానికో, పరీక్ష సర్వర్‌కో, ఎస్ లేని పాత హెచ్‌టీటీపీకో పోతున్నాయి. డొమైన్‌ను సెట్టింగు నుంచి ఒక్కచోటే తీసుకోండి. అది హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుకాకపోతే టూలు నడవకుండా ఆగిపోవాలి.

కొత్త సరుకు ఫైలులో ఉన్నా బయటికి కనబడకపోతే సీడీఎన్ పాత కాపీ ఇస్తోంది. ఫైలు మార్చిన వెంటనే ఆ ఒక్క అడ్రస్ కాష్ తుడిచేలా టూలులోనే రాయండి.

సైట్ మరమ్మతులో ఉన్నప్పుడు అన్ని పేజీలకూ ‘త్వరలో వస్తాం’ అని 200తో పంపితే, గూగుల్ ఆ మాటనే మీ సరుకు పేజీగా చదువుకుంటుంది. 503 (తాత్కాలికంగా అందుబాటులో లేదనే జవాబు) పంపండి. సైట్‌మ్యాప్ అడ్రస్‌కు కూడా అదే.

చివరగా సర్వర్ లాగులు. ఇండెక్స్ ఫైలును గూగుల్‌బాట్ ఎప్పుడు చదివిందో, తర్వాత ఏ సరుకు పేజీలకు వెళ్లిందో అందులో ఉంటుంది. గూగుల్‌బాట్ పేరు పెట్టుకుని వచ్చే దొంగ బాట్‌లు చాలా ఉంటాయి కాబట్టి, ఐపీ అడ్రస్‌కు రివర్స్ డీఎన్ఎస్ చూసి అది గూగుల్‌బాట్ డొమైన్‌కే పోతోందా, ఆ పేరు తిరిగి అదే ఐపీకి వస్తోందా అని రెండు వైపులా సరిచూసుకున్నాకే లెక్కలోకి తీసుకోండి.